టీవీ పోయింది, ఫ్యాను మిగిలింది

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన దంచి కొట్టి వెలిసిన మర్నాడు, ఏ ఊళ్లోనైనా టీవీలు బాగుచేసే షాపు ముందు కాసేపు నిలబడి చూడండి. ఒకాయన సెట్‌టాప్ బాక్సు చంకన పెట్టుకుని వస్తాడు. ఒకావిడ వైఫై రౌటర్‌నీ దాని అడాప్టర్‌నీ ప్లాస్టిక్ కవర్లో వేసుకొస్తుంది. బైకు వెనక కూర్చున్న కుర్రాడు దుప్పటి చుట్టిన టీవీని పొదివి పట్టుకుని దిగుతాడు. అందరిదీ ఒకటే మాట: "రాత్రి పిడుగు పడిందండీ, అప్పట్నుంచి రావట్లేదు." ఆ వరసలో సీలింగ్ ఫ్యాను కనబడటం అరుదు. మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె కూడా అంతే. అవీ అదే ఇంట్లో, అదే కరెంటు మీద నడిచేవే కదా!

టీవీలో సున్నితమైన ఐసీలుంటాయి, ఫ్యానులో రాగి తీగ చుట్ట తప్ప ఏముంది అనేది సగం జవాబు. మిగతా సగం తెలియాలంటే పాడైన వస్తువుల వెనక భాగం చూడాలి. టీవీకి కరెంటు తీగ ఒకటైతే, డిష్ నుంచో కేబుల్ బాక్సు నుంచో వచ్చే తీగ మరొకటి. రౌటర్‌కు ఒకవైపు అడాప్టర్, ఇంకోవైపు లాన్ కేబుల్. సీసీ కెమెరాల డీవీఆర్‌కు ఇంటి నాలుగు మూలల నుంచీ తీగలే. ఇన్వర్టర్ ఏసీలో లోపలి యూనిట్‌కూ డాబా మీది యూనిట్‌కూ మధ్య సిగ్నల్ తీగ ఉంటుంది. పొలంలో సబ్‌మెర్సిబుల్ మోటారుదీ ఇదే కథ: ఒక కొస స్తంభం మీది లైనులో, మరో కొస వందల అడుగుల లోతున తడి నేలలో. పిడుగుకు ఎక్కువగా బలయ్యేవి రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన తీగలు కలుసుకునే వస్తువులు. ఇంట్లో ఏది పోయింది, ఏది మిగిలింది అనే లెక్కంతా దాదాపు ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. మన ఇళ్లలో జాగ్రత్తలు తీసుకునేటప్పుడు మాత్రం దీన్ని ఎవరూ పట్టించుకోరు.

దీన్ని ఎప్పుడో కళ్లారా చూసినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1752 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలోని తన ఇంటి మీద ఆయన ఒక ఇనుప కడ్డీ నిలబెట్టి, దాని తీగను ఇంట్లో మెట్ల పక్కగా కిందికి దింపి నేలలో కలిపాడు. పడకగది తలుపు ఎదురుగా ఆ తీగను తెంచి, రెండు కొసలనూ ఆరంగుళాల ఎడంలో పెట్టి, ఒక్కో కొసకు ఒక్కో చిన్న గంట తగిలించాడు. రెండింటి నడుమ పట్టుదారంతో చిన్న ఇత్తడి గుండు వేలాడదీశాడు. ఆవేశం నిండిన మబ్బు ఇంటి మీదికి వస్తే, ఆకాశం వైపు గంటకూ నేల వైపు గంటకూ మధ్య వోల్టేజీ తేడా పుట్టి, గుండు అటూ ఇటూ కొట్టుకుంటూ గంటలు మోగించేది. తర్వాత ఆయన లండన్‌లో ఉన్న రోజుల్లో, ఇంటి దగ్గర భార్య డెబోరాకు ఆ మోత భయం పుట్టించింది. 1758లో ఆమెకు రాసిన ఉత్తరంలో ఆయన ఒక ఉపాయం చెప్పాడు. రెండు గంటలనూ ఒక తీగ ముక్కతో కలిపి కట్టేస్తే, మెరుపు చప్పుడు చెయ్యకుండా దారిన పోతుంది అన్నాడు.

మన టీవీ ఉన్నది సరిగ్గా ఆ ఇత్తడి గుండు ఉన్న చోట. ఒక తీగ మీద లక్ష వోల్టులున్నా, రెండో తీగ మీదా అదే లక్ష ఉంటే మధ్యలోని వస్తువుకు ఏమీ కాదు. తేడా ఉంటేనే కరెంటు పారుతుంది, బోర్డు కాలుతుంది.

ఆ తేడా ఎలా వస్తుంది? మన ఇంటి మీదే పిడుగు పడనక్కర్లేదు. నిజానికి నేరుగా ఇంటి మీద పడేది చాలా తక్కువ. సగటు పిడుగులో 30 వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది. ఇంటి మెయిన్ ఎంసీబీ సాధారణంగా 32 ఆంపియర్లది, దాంతో పోల్చుకోండి. పైగా ఆ కరెంటు సున్నా నుంచి శిఖరానికి చేరడానికి కొన్ని మైక్రోసెకన్లు చాలు. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షో వంతు. ఎంసీబీ ఎంత చురుగ్గా పడినా మిల్లీసెకన్లు పడుతుంది. అది పడేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. స్టెబిలైజరులోని రిలేదీ అదే నడక.

ఊరి బయట 11 కేవీ లైను మీదో, వీధిలో వేలాడే ఎల్‌టీ తీగల మీదో పడిన దెబ్బ తీగ వెంబడి పరుగెత్తుకొస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11 కేవీ వైపున లైట్నింగ్ అరెస్టర్లు ఉంటాయి గానీ, వాటి పని ట్రాన్స్‌ఫార్మర్‌ను కాపాడటం. అక్కడ తప్పించుకున్నది ఇళ్లలోకి వస్తుంది. ఇది అందరూ ఊహించే దారి.

రెండో దారి కంటికి కనబడదు. తీగలో కరెంటు ఒక్కసారిగా మారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతుంది. ఆ మార్పు పక్కనున్న ఇంకో తీగల చట్రంలో వోల్టేజీ పుట్టిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. ఇంటికి 100 మీటర్ల దూరంలో పిడుగు పడిందనుకుందాం. కరెంటు మైక్రోసెకనుకు 30 వేల ఆంపియర్ల చొప్పున పెరుగుతోందనుకుందాం. డాబా మీది డిష్ నుంచి దిగిన కేబులూ, గోడలోంచి వచ్చిన కరెంటు తీగా కలిసి పది చదరపు మీటర్ల చట్రం అయితే, అందులో పుట్టే వోల్టేజీ సుమారు 600. ఎక్కడా ఏదీ తాకలేదు, ఏ లైను మీదా పిడుగు పడలేదు. అయినా సెట్‌టాప్ బాక్సులో 3.3 వోల్టుల మీద బతికే చిప్పుకు ఆ 600 చాలు.

మూడో దారి నేల. నేల అంటే ఎప్పుడూ సున్నా వోల్టులే అనుకుంటాం. 10 ఓమ్‌ల నిరోధమున్న ఎర్తులోకి 30 వేల ఆంపియర్లు దిగితే ఆ క్షణాన అక్కడి నేల వోల్టేజీ మూడు లక్షలకు లేస్తుంది. దూరం వెళ్లేకొద్దీ అది తగ్గుతుంది. అంటే రెండు వీధుల అవతల కేబుల్ వాళ్ల యాంప్లిఫయర్ ఉన్న చోటి నేలా, మన ఇంటి ఎర్తు ఉన్న చోటి నేలా ఆ క్షణాన ఒకే వోల్టేజీ మీద ఉండవు. కేబుల్ పై తొడుగు ఆ దూరపు నేలను తెచ్చి టీవీ వెనక గుచ్చుతుంది. కరెంటు ప్లగ్గు మన నేలను తెచ్చి గుచ్చుతుంది. ఆ రెండూ కలుసుకునేది సర్క్యూట్ బోర్డు మీద.

అనుభవమున్న మెకానిక్ పాడైన వస్తువును చూసి దెబ్బ ఏ దారిన వచ్చిందో చెప్పగలగడం ఇందువల్లే. సెట్‌టాప్ బాక్సు పూర్తిగా చచ్చిపోయి, టీవీలో మాత్రం బొమ్మ బాగానే వస్తూ, బాక్సు పెట్టిన ఒక్క హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రమే పనిచెయ్యకపోతే, దెబ్బ కేబుల్ వైపు నుంచి వచ్చి, బాక్సును దాటి, హెచ్‌డీఎంఐ తీగ మీదుగా టీవీ గుమ్మం దాకా వచ్చి ఆగిందన్నమాట. అలాంటి టీవీని పక్క పోర్టుకు మార్చుకుని హాయిగా చూసుకోవచ్చు. రౌటర్‌లో దీపాలన్నీ వెలుగుతూ లాన్ పోర్టు ఒక్కటే పోయినా అదే లెక్క. అలా కాకుండా ఏ దీపమూ వెలగకపోతే దెబ్బ కరెంటు వైపు నుంచి వచ్చిందని అర్థం, పవర్ సప్లై చూడాలి.

ఆ పవర్ సప్లై బోర్డును దగ్గరగా చూద్దాం. కరెంటు తీగ వచ్చి చేరే మూల గాజు ఫ్యూజు ఉంటుంది. దాని పక్కనే, చిన్న నాణెమంత నీలం రంగు బిళ్ల. దాన్ని మెకానిక్‌లు ఎమ్‌ఓవీ అనో వేరిస్టర్ అనో అంటారు. దాని మీద తరచూ 471 అని ఉంటుంది, అంటే 470 వోల్టులు. లోపల ఉన్నది జింక్ ఆక్సైడ్ రేణువుల ముద్ద. మన 230 వోల్టుల కరెంటు శిఖరం 325 వోల్టులు కాబట్టి, మామూలు రోజుల్లో ఆ బిళ్ల ఏమీ ఎరగనట్టు ఉంటుంది, దాని గుండా కరెంటు పోదు. వోల్టేజీ 470 దాటిందంటే రేణువుల సరిహద్దులు తెరుచుకుని, మైక్రోసెకను కూడా పట్టకుండా ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపేస్తుంది. దెబ్బ టీవీలోకి పోకుండా దాని గుండా వెనక్కి మళ్లుతుంది. దెబ్బ మరీ పెద్దదైతే బిళ్ల పగిలి, ఫ్యూజు కాలుతుంది. డెబోరా కట్టాల్సిన తీగ ముక్క లాంటిదే ఇదీ, కాకపోతే అవసరమైనప్పుడే కట్టుకుంటుంది.

అందుకే బోర్డు విప్పినప్పుడు బిళ్ల నల్లగా పగిలి, ఫ్యూజు గాజు మసిబారి ఉంటే చాలాసార్లు అది శుభవార్తే. కాపలాదారు పోయాడు గానీ ఇల్లు మిగిలింది. కొన్ని రూపాయల సామానుతో టీవీ లేచే అవకాశం ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి పట్టుబట్టి అడగాలి. కొందరు పగిలిన బిళ్లను తీసేసి, ఫ్యూజు మాత్రం మార్చి ఇచ్చేస్తారు. టీవీ చక్కగా వస్తుంది కాబట్టి మనకూ అనుమానం రాదు. వచ్చే గాలివానకు దానికి కాపలా ఉండదు. "ఎమ్‌ఓవీ కొత్తది వేశారా?" అని అడిగి, వేయించుకుని తీసుకెళ్లండి. ఫ్యూజు బదులు రాగి పోగు చుట్టి ఇచ్చే షాపు గడప మళ్లీ తొక్కకండి.

ఈ బిళ్లకు ఇంకో గుణం ఉంది. చిన్న చిన్న దెబ్బలు తిన్న ప్రతిసారీ కొంత అరుగుతుంది. పైకి తెలియదు. స్పైక్ గార్డ్ పేరుతో అమ్మే ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లోనూ ఉండేది ఇదే. చాలావాటిలో లోపలి బిళ్ల చచ్చిపోయినా కరెంటు వస్తూనే ఉంటుంది. మంచి రకాల్లో అది బతికున్నంతకాలం వెలిగే దీపం ఒకటి ఉంటుంది. ఆ దీపం ఆరితే బోర్డు మార్చెయ్యాలి.

ఇప్పుడు దెబ్బ తగిలిన రాత్రి సంగతి. వాన వెలిసింది, కరెంటు వచ్చింది, టీవీ రాలేదు. మొదటి పని ముక్కుతో. ఎక్కడైనా కాలిన వాసన వస్తే మెయిన్ దించేసి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆగడమే. స్విచ్చు బోర్డు మీద మసి కనిపించినా అంతే. వాసన లేకపోతే ఒక్కో వస్తువునే పెట్టి చూసుకోవాలి, అన్నీ ఒక్కసారి కాదు. రౌటర్, సెట్‌టాప్ బాక్సు, లాప్‌టాప్ లాంటివాటిలో ముందు అనుమానించాల్సింది అడాప్టర్‌ను. దెబ్బను అదే మింగి లోపలి వస్తువును కాపాడిన సందర్భాలు ఎన్నో. అదే వోల్టేజీ, అంతే లేదా అంతకు మించిన ఆంపియర్లు, అదే పిన్ను ఉన్న మరో అడాప్టర్ పెట్టి చూస్తే తేలిపోతుంది. టీవీ, ఏసీల మూత మాత్రం మీరు విప్పవద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు, అది మనిషిని చంపగలదు.

కంప్యూటర్ చచ్చిపోతే పిల్లల ఫొటోలన్నీ పోయాయని కుంగిపోతారు. తొందరపడొద్దు. ఎక్కువగా పోయేది ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై, ఆ తర్వాత మదర్‌బోర్డు. హార్డ్ డిస్కును విప్పి యూఎస్‌బీ కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే చాలాసార్లు డేటా భద్రంగానే దొరుకుతుంది. పాత కంప్యూటర్‌ను చెత్తకు అమ్మేముందు ఈ ఒక్క పని చెయ్యండి.

వారంటీ గురించి పెద్దగా ఆశలొద్దు. పిడుగునూ వోల్టేజీ హెచ్చుతగ్గులనూ దాదాపు అన్ని కంపెనీలూ మినహాయిస్తాయి. ఇంటి బీమా ఉన్నవాళ్లు కాగితాన్ని జాగ్రత్తగా చదవాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో పిడుగు కూడా ఒక ప్రమాదంగా లెక్కే. కానీ బీమా పాలసీల్లో తరచూ ఇంకో షరతు ఉంటుంది. షార్ట్ సర్క్యూట్, అధిక వోల్టేజీ లాంటి విద్యుత్ కారణాలతో ఏ పరికరం పాడైందో ఆ పరికరానికి, కారణం పిడుగే అయినా సరే, పరిహారం వర్తించదంటారు. ఇంత పెద్ద కొర్రీని చిన్న అక్షరాల్లో పెట్టడం అన్యాయమని నా అభిప్రాయం. కాబట్టి పాలసీ కొనేటప్పుడే, ఎలక్ట్రానిక్ వస్తువులకు విడిగా రక్షణ ఉందా అని రాతపూర్వకంగా అడగడం మంచిది.

పిడుగు అని మనం నింద వేసేవాటిలో కొన్ని పిడుగు పనే కాదు. గాలివానలో స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే, మూడు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదానితో ఒకటి వరసగా ముడిపడిపోతాయి. ఎక్కువ వాడకం ఉన్న ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది, తక్కువ వాడకం ఉన్న ఇంట్లో 400 దాకా లేవచ్చు. పిడుగు మైక్రోసెకన్లలో వచ్చిపోతే ఇది నిమిషాల తరబడి ఉంటుంది. బల్బులు కళ్లు జిగేలుమనేలా వెలుగుతాయి, ఫ్యాను రయ్యిమని తిరుగుతుంది, వీధిలో వరసగా ఇళ్లలో ఫ్రిజ్‌లు, మోటార్లు, బల్బులు అన్నీ కాలతాయి. ఒకే తీగ ఉన్న వస్తువులు కూడా గుంపుగా పోయాయంటే న్యూట్రల్‌నే అనుమానించాలి. వెంటనే మెయిన్ దించి, లైన్‌మెన్‌కు కబురు పెట్టాలి. స్పైక్ గార్డ్ ఇక్కడ పనికిరాదు. నిమిషాల పాటు 400 వోల్టులు మొయ్యాల్సి వస్తే ఆ నీలం బిళ్లే కాలి మంట పెట్టొచ్చు. దీనికి కావలసింది వోల్టేజీ హద్దు దాటితే ఇంటిని కట్ చేసే ఓవర్ వోల్టేజీ కటాఫ్.

మరి పిడుగు నుంచి కాపాడుకోవడం ఎలా? "మెరుపులొస్తున్నాయి, టీవీ ప్లగ్గు పీకెయ్" అని అమ్మలు కేకేసేది నూటికి నూరుపాళ్లు సరైన శాస్త్రం. స్విచ్చు ఆపితే చాలదు. మన గోడ స్విచ్చు ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ తీగా ఎర్తు తీగా టీవీని అంటిపెట్టుకునే ఉంటాయి. తెంచిన ఫేజులో కూడా స్విచ్చు లోపలి ఎడం కొద్ది మిల్లీమీటర్లే. మిల్లీమీటరు గాలి ఓర్చుకునేది సుమారు మూడు వేల వోల్టులు. కిలోమీటర్ల గాలిని చీల్చుకొచ్చిన దానికి ఆ సందు ఒక లెక్కా? బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా పడేవాళ్లున్నారు. కరెంటు ఉన్నంతసేపు మామూలు ఇన్వర్టర్ లోపలి రిలే లైను కరెంటునే నేరుగా ఇంట్లోకి పంపుతుంది, దెబ్బతో సహా.

ప్లగ్గుతోపాటు డిష్ తీగ, లాన్ కేబుల్ కూడా పీకాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. ప్లగ్గు పీకి కేబుల్ వదిలేస్తే సెట్‌టాప్ బాక్సు మీదుగా ఇంకో దారి తెరిచే ఉంటుంది. ఈ పనంతా మబ్బు కమ్ముతుండగానే ముగించాలి. నెత్తిన ఉరుముతున్నప్పుడు తీగలు ముట్టుకోవడం ప్రాణానికే ముప్పు. మన దేశంలో ఏటా రెండున్నర వేల మందికి పైగా పిడుగులకు బలవుతున్నారు, టీవీ పోతే పోయింది. మెరుపుకూ ఉరుముకూ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. అర్జునా ఫల్గుణా అనుకునేవాళ్లు అనుకుంటూనే ఆ లెక్కా వేసుకోవచ్చు. ముప్పై సెకన్లలోపు ఉంటే వస్తువుల జోలికి పోవద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపించి ముందే హెచ్చరిస్తుంది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు పీకేదెవరు? 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ చెప్పింది. అలాంటి రోజున ఆఫీసులో ఉన్న మనిషి ఏం చెయ్యగలడు? అందుకే మెయిన్ బోర్డులో టైప్ 2 రకం ఎస్‌పీడీ, అంటే సర్జ్ ప్రొటెక్షన్ డివైస్, పెట్టించుకోవడం అవసరం. ఎమ్‌ఓవీకి అది పెద్దన్న. పెట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ దాని తీగలను ఎంత పొట్టిగా ఉంచితే అంత మేలు. నిటారుగా లాగిన మీటరు పొడవు తీగ కూడా, మైక్రోసెకనుకు వెయ్యి ఆంపియర్ల చొప్పున లేచే కరెంటుకు, దాదాపు వెయ్యి వోల్టులు అడ్డం పెడుతుంది. అందంగా చుట్టలు చుట్టి మూలన పెట్టిన ఎస్‌పీడీ సగం దండగ.

ఆ ఎస్‌పీడీకి ఎర్తు కావాలి. పెరట్లో ఉప్పూ బొగ్గూ పోసి పైపు పాతి, ఆ తర్వాత దాన్ని మరిచిపోయిన ఇళ్లే ఎక్కువ. పిడుగుల కాలం మొదలయ్యేది ఎండాకాలం నడుమ, నేల ఎండి బీటలు తీసినప్పుడు. వారానికోసారి ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోస్తే ఎర్తు బతికి ఉంటుంది. ఇంతకన్నా ముఖ్యమైనది ఇంటికి వచ్చే తీగలన్నిటికీ ఒకే ఎర్తు ఉండటం. డిష్ కోసం డాబా దగ్గర విడిగా ఒక కడ్డీ పాతి, దాన్ని ఇంటి ఎర్తుతో కలపకుండా వదిలేస్తే మేలు చేశామనుకుని కీడు చేసినట్టే. రెండు నేలలు తయారవుతాయి, వాటి తేడా టీవీ మీద పడుతుంది. డిష్ కడ్డీ, కేబుల్ తొడుగు, కెమెరాల స్తంభం, డాబా మీద పిడుగు కడ్డీ ఉంటే అదీ, అన్నీ మెయిన్ ఎర్తుతో కలవాలి. ఇంటర్నెట్‌కు ఫైబర్ ఉంటే సగం బెంగ తీరినట్టే, గాజు పోగులో కరెంటు పారదు. అయితే బయటి ఫైబర్ తీగకు బలం కోసం తరచూ ఇనుప పోగు జత చేసి ఉంటుంది. దాన్ని గోడ బయటే కత్తిరించి, గాజు పోగును మాత్రం లోపలికి తెమ్మని వచ్చిన కుర్రాడికి చెప్పాలి.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇది ఇంకా తేలిక. కరెంటు, కేబుల్, ఇంటర్నెట్ మూడూ ఇంటికి ఒకే గోడ వైపు నుంచి, మెయిన్ బోర్డు పక్క నుంచే వచ్చేలా పైపులు వేయించుకోవాలి. అక్కడే ఎర్తు, అక్కడే ఎస్‌పీడీ. అప్పుడు తీగల నడుమ చట్రమూ చిన్నదవుతుంది, కలపాల్సిన ఎర్తు తీగా అడుగున్నరకు మించదు. గోడలకు పూత పూయకముందే మేస్త్రీకీ ఎలక్ట్రీషియన్‌కూ ఈ మాట చెప్పి, ఒక రాగి పట్టీ వేయించుకుంటే సరిపోతుంది.